పుస్తకంలో ఆరిన పూలలాంటి లేస్ శాలువా అల్లాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

నిట్, పర్ల్ కుట్లు చేతికి అలవాటై, ఒకటో రెండో మఫ్లర్లు అల్లి, ఇప్పుడు పూల లేస్ మీద మనసు పడినవాళ్ళు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. లేస్ ఇదివరకే అల్లినవాళ్ళు మొదటి ప్రశ్న చదివి, పూవు వరుసలు ఇచ్చిన చోటికి వెళ్ళిపోవచ్చు.

మామూలు పూల డిజైనుకీ, నొక్కి ఆరబెట్టిన పూలను చూసి అల్లే డిజైనుకీ తేడా ఏముంది?

చాలా ఉంది. కొమ్మ మీదున్న పూవుకి లోతు ఉంటుంది, నీడ ఉంటుంది, ఒక రేక వెనక ఇంకో రేక దాక్కుని ఉంటుంది. ఆ లోతంతా సూదులతో తేవాలని చూస్తే బొడిపెలూ పొరలూ వచ్చి శాలువా బరువెక్కిపోతుంది. పుస్తకంలో బరువు కింద రెండు మూడు వారాలు ఉన్న పూవు సంగతి వేరు. దానికి మిగిలేవి మూడే: అంచు గీత, నరాలు, వెలుతురు దాటేంత పల్చదనం. లేస్‌కి చేతనైనవి కూడా సరిగ్గా ఆ మూడే. కన్నాలు అంచు గీస్తాయి, వాలిన కుట్లు నరాలవుతాయి, సన్నదారాన్ని కాస్త పెద్ద సూది మీద అల్లితే వెలుతురు దాటుతుంది.

మూడు వారాల కింద పెట్టిన శంఖుపుష్పం ఒకటి తీసి కిటికీ అద్దానికి ఆనించి చూశాను. నీలం కాస్తా బూడిద కలిసిన ఊదా అయింది. రేక మొదట్లోంచి అంచు దాకా విసనకర్ర పుల్లల్లా నరాలు విచ్చుకుని ఉన్నాయి. చెట్టు మీదున్నప్పుడు అవి నా కంట పడనే లేదు. తొడిమె మాత్రం పూర్తిగా నలగకుండా చిన్న ఉబ్బుగా మిగిలింది, ఎదుటి పేజీ మీద దాని గుంట పడింది. రేకుకి కన్నాల గీత, లోపల వాలు కుట్లు, తొడిమె దగ్గర ఒక్క బొడిపె: కింద నేను చెప్పేవన్నీ ఆ పూవుని చూస్తూ కుదుర్చుకున్నవే.

ఏ పూలు తీసుకోవాలి? నిజంగా ఆరబెట్టాలా, ఫోటో చూసి అల్లకూడదా?

ఆరబెట్టమనే చెప్తాను. ఫోటోలో ఏ గీత ముఖ్యమో మీరు తేల్చుకోవాలి. నలిగిన పూవు ఆ పని ముందే చేసిపెడుతుంది. ఇంకు పీల్చే కాగితం గానీ న్యూస్‌ప్రింట్ గానీ రెండు వైపులా పెట్టి, లావుపాటి పుస్తకంలో ఉంచి, పైన బరువు వేయండి. మొదటి నాలుగైదు రోజులు కాగితం మారుస్తూ ఉంటే బూజు పట్టదు.

రేకులు ఒకే వరుసలో, పల్చగా ఉన్న పూలు బాగా కుదురుతాయి: నందివర్ధనం (ఒంటి రేకుది), శంఖుపుష్పం, డైసీ, పాన్సీ. ఫెర్న్ ఆకులు, గడ్డి కంకులు కూడా. బంతి, చేమంతి లాంటి ముద్దపూలు నొక్కితే ఒక మచ్చలా మిగులుతాయి, వాటిలోంచి అల్లడానికి గీత దొరకదు. మందారం రేకులు ఒక్కొక్కటిగా విడదీసి ఆరబెడితే బాగుంటాయి గానీ పూవు మొత్తంగా వద్దు.

దారం ఎలాంటిది కొనాలి?

మొదటి శాలువాకి ఫింగరింగ్ మందం. 100 గ్రాముల ఉండలో సుమారు 400 మీటర్లు ఉండే దారం ఇది. లేస్ మందం దీనికి సగం ఉంటుంది, అంటే 50 గ్రాములకే 400 మీటర్లు వస్తుంది. చూడ్డానికి అదే అందం, కానీ జారిన కుట్టుని పట్టుకోవడం దానిలో కష్టం. ఒక శాలువా అయ్యాక దానికి వెళ్ళండి.

పీచు విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది: సూపర్‌వాష్ కాని ఊలు, లేదా ఊలూ పట్టూ కలిసినది. వాషింగ్ మెషీన్‌లో వేసినా ముడుచుకోకుండా ఉండడానికి సూపర్‌వాష్ ఊలు పొలుసులను తీసేస్తారు లేదా పూత వేసి కప్పేస్తారు. దాంతో కుట్లు ఒకదాన్నొకటి పట్టుకోవు. లాగి ఆరబెట్టిన ఆకారం త్వరగా సడలిపోతుంది. మామూలు ఊలు తడిసినప్పుడు పీచు లోపలి హైడ్రోజన్ బంధాలు వదులై, ఆరేటప్పుడు కొత్త స్థానంలో మళ్ళీ బిగుస్తాయి. రేకు కొనను మీరు ఎక్కడ గుచ్చి ఉంచారో అక్కడే అది నిలబడడానికి కారణం ఇదే.

నూలుతోనూ అల్లొచ్చు, కాకపోతే దానికి సాగుడు లేదు, బరువుకి వేలాడుతుంది. ఊలు ఒంటికి పడనివాళ్ళు పట్టు కలిసిన నూలు చూడండి. యాక్రిలిక్ తడిపి ఆరబెడితే పెద్దగా మారదు, దానికి ఆవిరి పట్టాల్సిందే. ఇస్త్రీపెట్టె బట్టకి తగలకుండా రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తులో ఉంచి ఆవిరి వదలాలి. తగిలిందంటే కరిగి మెరుపు మచ్చ పడుతుంది, అది ఇక పోదు.

రంగు?

ఒకే రంగు, లేదా ఒకే రంగులో లేత ముదురు ఛాయలు. ఐదారు రంగులు గెంతుతూ పోయే దారం ఉండలో ఎంత ముద్దొచ్చినా లేస్‌లో వద్దు; కన్ను రంగు వెంట పోతుంది, కన్నాలు కనపడవు. ఆరిన పూలలో తెల్లవి లేత గోధుమ రంగుకి తిరుగుతాయి, ఎరుపులు మట్టి గులాబీకి దిగుతాయి, పసుపు మాత్రం చాలాకాలం పట్టు వదలదు. ఈ వెలిసిన రంగుల్లో ఏదైనా సరే. నా మొగ్గు పాత కాగితం రంగు వైపే, ఎందుకంటే ఈ శాలువాలో ఎక్కువ భాగం పూవు కాదు, పేజీ.

సూదులు ఎంత సైజువి? ఎంత దారం పడుతుంది?

ఫింగరింగ్‌కి 4 నుంచి 4.5 మి.మీ., లేస్ మందానికి 3.5 నుంచి 4 మి.మీ. కొనలు సన్నగా ఉండాలి, లేకపోతే మూడు కుట్లు కలిపేటప్పుడు విసుగొస్తుంది. శాలువాని ముందుకీ వెనక్కీ తిప్పుతూ అల్లినా సర్క్యులర్ సూదే (రెండు కొనలని కేబుల్ కలిపే సూది) తీసుకోండి, 80 లేదా 100 సెం.మీ. కేబుల్‌తో. చివరికి మూడు వందల పైచిలుకు కుట్లు చేరతాయి, తిన్నటి సూది వాటిని మోయలేదు.

భుజాల మీద నిండుగా కప్పుకునే సైజుకి ఫింగరింగ్ 400 నుంచి 450 మీటర్లు పడుతుంది. తొలిసారి అల్లేవాళ్ళు రెండు ఉండలు తెచ్చుకోవడం మంచిది. రెండిటి మీదా డై లాట్ నంబరు (ఒకే విడతలో రంగు వేశారని చెప్పే నంబరు) ఒకటే ఉందో లేదో చూసుకోండి.

త్రికోణమా, నెలవంకా, పొడవాటి స్టోలా? ఏ ఆకారంలో పూలు బాగా కనిపిస్తాయి?

ఈ ప్రశ్న మొదలుపెట్టకముందే అడిగితే చాలా శ్రమ తప్పుతుంది. సగం అల్లాక అడిగేవాళ్ళే ఎక్కువ.

మెడ దగ్గర మొదలై కిందికి పెరిగే త్రికోణం అందరికీ తెలిసిన రూపం. గార్టర్ ట్యాబ్‌తో మొదలుపెడతాం: 3 కుట్లు వేసి 6 వరుసలు నిట్ చేసి, పక్క అంచు నుంచి 3, మొదలు అంచు నుంచి 3 ఎత్తుకుంటే 9 కుట్లు. తర్వాత ప్రతి ముందు వరుసలో (శాలువా ముందు వైపు మనకి ఎదురుగా ఉండే వరుసలో) నాలుగు చోట్ల పెంచుతాం, రెండు అంచుల దగ్గరా, నడుమ వెన్నెముక కుట్టుకి రెండు పక్కలా. మొదటి పెంపు వరుస ఇలా ఉంటుంది (యార్న్ ఓవర్ అంటే దారాన్ని సూది మీదుగా వేసి కొత్త కుట్టు తేవడం): నిట్ 3, యార్న్ ఓవర్, నిట్ 1, యార్న్ ఓవర్, నిట్ 1, యార్న్ ఓవర్, నిట్ 1, యార్న్ ఓవర్, నిట్ 3. మొత్తం 13 కుట్లు. సులువే. కానీ ఈ త్రికోణంలో కుట్ల నిలువు గీతలు నేరుగా కిందికి దిగవు, వెన్నెముకకి రెండు వైపులా ఏటవాలుగా, దాదాపు 45 డిగ్రీల కోణంలో జారతాయి. మీరు నిటారుగా అల్లాననుకున్న పూవు కప్పుకున్నప్పుడు పక్కకి వాలి ఉంటుంది. ఫెర్న్‌కి, గడ్డికంకికి ఆ వాలు అందమే. కాడతో నిలబడాల్సిన పూవుకి కాదు.

నెలవంకలో నడుమ పెంచడం ఉండదు. పెంపంతా రెండు అంచుల్లోనే, వెనక వరుసలతో కలిపి ప్రతి వరుసలోనూ. కుట్లు నేరుగా కిందికి దిగుతాయి, అంచు మాత్రం చాచుకుని వంగుతుంది. నిటారు పూలకి నేను ఎంచుకునేది ఇదే. స్టోల్‌లోనూ కుట్లు నిటారుగానే ఉంటాయి, కానీ మెడ చుట్టూ వేసుకుంటే ఒక కొసలో పూలు పైకీ ఇంకో కొసలో కిందికీ చూస్తాయి. అది ఇష్టం లేకపోతే రెండు సగాలుగా అల్లి నడుమ కలపాలి.

ఇంకో చిక్కు. పైనుంచి కిందికి అల్లేటప్పుడు ముందు అల్లింది మెడ దగ్గరికి చేరుతుంది. చార్టులో (అల్లికని గడుల్లో గీసుకున్న బొమ్మలో) కాడ కింద, పూవు పైన ఉంటే మీరు కాడ ముందు అల్లుతారు. శాలువా వేసుకున్నాక పూలన్నీ తలకిందులుగా వేలాడతాయి. కాబట్టి పైనుంచి అల్లే శాలువాలో పూవు ముందు, కాడ తర్వాత. గంటల్లా కిందికి వంగే పూలైతే ఉన్నది ఉన్నట్టే వదిలేయండి.

నా దగ్గరున్న పూవుని చార్టుగా మార్చుకోవడం ఎలా?

పూవు మీద ట్రేసింగ్ పేపరు వేసి అంచు గీత, ముఖ్యమైన నరాలు మాత్రం గీయండి. ఆ తర్వాత చాలామంది మామూలు చదరాల గ్రాఫ్ కాగితం తీసుకుంటారు, అల్లాక పూవు పొట్టిగా అణిగిపోయి వచ్చిందని బాధపడతారు. కుట్టు చదరంగా ఉండదు, వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. స్టాకినెట్‌లో (ముందు వరుస నిట్, వెనక వరుస పర్ల్ చేసే సాదా అల్లికలో) సుమారుగా 5 కుట్ల వెడల్పుకి 7 వరుసల ఎత్తు సమానం. అందుకని గ్రాఫ్ గడులు కూడా ఆ నిష్పత్తిలోనే గీసుకోవాలి. పైగా కన్నాలు ముందు వరుసల్లోనే పడతాయి కాబట్టి 28 వరుసల ఎత్తులో కన్నాలు పెట్టడానికి మీకు దొరికేవి 14 వరుసలే. ఉన్న గీతలన్నీ పట్టవు. ఏవి వదిలేయాలో తేల్చడానికి నేనొక పద్ధతి పాటిస్తాను: ట్రేసింగ్ కాగితాన్ని నాలుగడుగుల దూరంలో పెట్టి, అక్కడి నుంచి కనిపించే గీతలే ఉంచుతాను.

చార్టు చదవడం గురించి ఒక్క మాట. ముందు వరుసలు కుడి నుంచి ఎడమకి, వెనక వరుసలు ఎడమ నుంచి కుడికి చదవాలి. మనం రాసే దిశ అలవాటు వల్ల మొదట్లో అందరూ తిరగేస్తారు.

మొదటిసారికి ఒక చిన్న పూవు చెప్పండి.

చెప్తాను. ఇది 7 కుట్లు, 14 వరుసలు. ఆరు కన్నాల పూవు, కాడ, రెండు ఆకులు.

ముందు పేర్లు. యార్న్ ఓవర్ అంటే దారాన్ని సూది మీదుగా వేసి కొత్త కుట్టు, దానితోపాటు కన్నం తేవడం. రెండు కలిపి నిట్ అంటే రెండు కుట్లని ఒకటి చేసే, కుడికి వాలే తగ్గింపు. ఎస్ఎస్‌కే అంటే రెండు కుట్లను ఒక్కొక్కటిగా నిట్ చేస్తున్నట్టు జార్చి, రెండిటినీ వెనక కాలులోంచి (సూది వెనక వైపున్న ఉచ్చు సగంలోంచి) కలిపి నిట్ చేయడం, ఇది ఎడమకి వాలుతుంది. మూడు ఒకటిగా అంటే రెండు కుట్లు కలిపి నిట్ చేస్తున్నట్టు జార్చి, ఒకటి నిట్ చేసి, జార్చిన రెండిటినీ దాని మీదుగా దాటించడం. ఇందులో నడుమ కుట్టు నిటారుగా పైకి వస్తుంది. మెలి నిట్ అంటే కుట్టుని వెనక కాలులోంచి నిట్ చేయడం.

వరుస 1: నిట్ 3, మెలి నిట్ 1, నిట్ 3.
వరుస 3: నిట్ 1, యార్న్ ఓవర్, ఎస్ఎస్‌కే, మెలి నిట్ 1, నిట్ 3.
వరుస 5: నిట్ 3, మెలి నిట్ 1, రెండు కలిపి నిట్, యార్న్ ఓవర్, నిట్ 1.
వరుస 7: వరుస 1 లాగే.
వరుస 9: నిట్ 1, రెండు కలిపి నిట్, యార్న్ ఓవర్, నిట్ 1, యార్న్ ఓవర్, ఎస్ఎస్‌కే, నిట్ 1.
వరుస 11: రెండు కలిపి నిట్, యార్న్ ఓవర్, నిట్ 3, యార్న్ ఓవర్, ఎస్ఎస్‌కే.
వరుస 13: నిట్ 2, యార్న్ ఓవర్, మూడు ఒకటిగా, యార్న్ ఓవర్, నిట్ 2.
సరి సంఖ్య వరుసలన్నీ పర్ల్. 2 నుంచి 8 దాకా నడుమ కుట్టుని (నాలుగోది) వెనక కాలులోంచి పర్ల్ చేయండి.

ఏ వరుస చివర లెక్కపెట్టినా 7 కుట్లే ఉండాలి. ఆ మెలి కుట్టే కాడ. చుట్టూ ఉన్న స్టాకినెట్ కన్నా బిగుతుగా, కొంచెం పైకి తేలి, పెన్సిలుతో గీసినట్టు సన్నగా వస్తుంది. పైనుంచి అల్లే శాలువాకి 9, 11, 13 వరుసలు ముందు అల్లి తర్వాత 1 నుంచి 7 అల్లండి. ఆరు కన్నాల పూవు పైనుంచి చూసినా కింద నుంచి చూసినా ఒకేలా ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు.

శాలువా మొదలుపెట్టేముందు దీన్ని రెండు సార్లు, చుట్టూ కొన్ని కుట్లు వదిలి, చిన్న ముక్కగా అల్లి, తడిపి, గుచ్చి ఆరబెట్టండి. ఆరిన ముక్కని వెలుతురుకి ఎత్తిపట్టి చూడండి. కన్నాల కన్నా బట్ట ఎక్కువ కనిపిస్తే సూది పావు మి.మీ. పెంచండి, పూవు గుర్తుపట్టలేనంత వదులుగా ఉంటే తగ్గించండి.

రేకుల్లో నరాలు ఎలా తెస్తారు? నాకు కన్నాలే వస్తున్నాయి.

కన్నం పక్కనే తగ్గింపు పెడుతున్నారన్నమాట. లేస్‌లో ఒక కన్నానికి ఒక తగ్గింపు జత ఉండాలి గానీ, ఆ రెండూ పక్కపక్కనే ఉండాలని లేదు. కన్నం ఒకచోట పెట్టి, దాని తగ్గింపుని నాలుగు కుట్లు అవతల పెట్టి చూడండి. కన్నం దగ్గర ఒక కుట్టు పుట్టింది, అవతల ఒక కుట్టు పోయింది, నడుమ ఉన్న నాలుగు కుట్లూ తగ్గింపు వైపు ఒరుగుతాయి. అలా నాలుగైదు ముందు వరుసలు చేస్తే ఆ ఒరిగిన కుట్లే రేకు లోపల సమాంతరంగా పోయే నరాలు. కన్నాలు రేకు నడుమ గీత మీదా, తగ్గింపులు రేకు అంచు మీదా పెడితే నరాలు నడుమ నుంచి అంచుకి విచ్చుకుంటాయి. నా శంఖుపుష్పంలో విసనకర్ర నరాలు ఇలాగే వచ్చాయి.

తగ్గింపు ఏ వైపు వాలుతుందో కూడా పట్టించుకోండి. రేకు కుడి అంచున ఒకటి, ఎడమ అంచున దాని ప్రతిబింబం ఉండాలి. రెండు వైపులా ఒకే తగ్గింపు వాడితే ఒక అంచు కోసినట్టు శుభ్రంగా, రెండోది రంపపు పళ్ళలా వస్తుంది.

పూవు నడుమ బొడిపె పెట్టొచ్చా?

ఒక్కటి పెట్టొచ్చు. ఎస్టోనియా పశ్చిమ తీరంలోని హాప్సలు ఊరి శాలువాలు ఈ బొడిపెలకి పేరుపడ్డాయి. వాటిని అక్కడ నుప్ అంటారు. లిల్లీ ఆఫ్ ద వ్యాలీ పూల వరుసలు ఆ శాలువాల్లో ప్రసిద్ధమైన నమూనా, చిన్న గంటపూలన్నీ నుప్‌లే. పైన ఇచ్చిన పూవులో 11వ వరుసలో నడుమ కుట్టులోనే నిట్, యార్న్ ఓవర్, నిట్, యార్న్ ఓవర్, నిట్ చేసి ఐదు ఉచ్చులు తీయండి. 12వ వరుసలో ఐదింటినీ కలిపి పర్ల్ చేస్తే బొడిపె. ఆ ఐదు ఉచ్చులూ ఒక్కోటి ఒక సెంటీమీటరు పొడవు వచ్చేంత వదులుగా లాగకపోతే వెనక వరుసలో సూది దూరదు. నుప్‌లు అసహ్యమనేవాళ్ళంతా బిగించి అల్లినవాళ్ళే.

అయితే అన్ని పూలకీ పెట్టకండి. రేకులన్నీ పల్చబడినా తొడిమె ఉబ్బుగా మిగిలినట్టు, ఐదారు పూలలో ఒక దానికి ఉంటే చేతికి తగిలినప్పుడు బాగుంటుంది. అన్నిటికీ ఉంటే పూవు ఆరినట్టు ఉండదు.

పూలు ఎంత దగ్గరగా పెట్టాలి?

మీరు అనుకుంటున్న దానికన్నా దూరంగా. కవయిత్రి ఎమిలీ డికిన్సన్ చదువుకునే రోజుల్లో 424 మొక్కలు ఆరబెట్టి అతికించిన ఆల్బమ్ హార్వర్డ్ విశ్వవిద్యాలయపు హౌటన్ గ్రంథాలయంలో ఉంది. పేజీల బొమ్మలు ఇంటర్నెట్‌లో చూడొచ్చు, దయచేసి చూడండి. ఒక పెద్ద కొమ్మ, దాని పక్కన చిన్న పూవు, ఒక ఆకు, వాటి నడుమ ఖాళీ కాగితం. ఆ ఖాళీ ఉండబట్టే ప్రతి మొక్కా విడిగా కనిపిస్తుంది.

7 కుట్ల పూవుకి పూవుకి నడుమ కనీసం 9 కుట్లు ఉత్త స్టాకినెట్ వదలండి, అంటే 16 కుట్లకో పూవు. పైవరుస పూలు కింది వరుస పూల నెత్తిన పడకుండా 8 కుట్లు జరపండి. మెడ దగ్గర పూలే వద్దు, అక్కడ మడతల్లో పోతాయి. శాలువా లోతులో మొదటి మూడో వంతు సాదాగా ఉంచి, తర్వాత ఇక్కడొకటి అక్కడొకటి, అంచు దగ్గర దట్టంగా. నా మొదటి శాలువాలో ఎక్కడా ఖాళీ వదల్లేదు. చూసినవాళ్ళు నెట్టు బాగుందన్నారు, పూలున్నాయని ఎవరూ అనలేదు.

కుట్లు లెక్క తప్పుతున్నాయి. విప్పడమేనా?

చాలాసార్లు అక్కర్లేదు. తప్పుల్లో ఎక్కువ భాగం మరిచిపోయిన యార్న్ ఓవరే. వెనక వరుసలో పర్ల్ చేస్తూ పోతుంటే ఒక చోట కుట్టు తక్కువని తెలుస్తుంది. అక్కడ రెండు కుట్ల నడుమ అడ్డంగా పోయే దారాన్ని ఎడమ సూది మీదికి ఎత్తి, మెలి వేయకుండా పర్ల్ చేయండి. కన్నం కొంచెం చిన్నదిగా వస్తుంది, ఆరబెట్టేటప్పుడు సర్దుకుంటుంది. ఇది పట్టుబడాలంటే ప్రతి పూవుకీ రెండు పక్కలా మార్కర్లు (గుర్తుగా సూదికి తగిలించే చిన్న రింగులు) ఉండాలి, వెనక వరుసలో మార్కరు మార్కరుకీ 7 లెక్కపెట్టాలి. మూడు వందల కుట్లు చివర్లో లెక్కపెట్టి ఒకటి తగ్గిందని తెలుసుకుంటే ఏం లాభం?

జారిన కుట్టు కనిపిస్తే దారం లాగకండి, శాలువా ఎత్తకండి. ముందు పిన్నుతోనో లాక్ అయ్యే మార్కరుతోనో దాన్ని పట్టి ఉంచండి, ఆ తర్వాత ఆలోచించొచ్చు.

లైఫ్‌లైన్ తప్పకుండా వేయండి. ఒక పూల వరుస పూర్తయి అంతా సరిగ్గా ఉందని రూఢి చేసుకున్నాక, వెనక వరుస పర్ల్ చేసిన కుట్లన్నిటిలోంచి వేరే రంగు నున్నటి నూలుదారం గానీ డెంటల్ ఫ్లాస్ గానీ సూదితో గుచ్చి తీయండి. మార్కర్లలోంచి మాత్రం దూర్చకండి, ఇరుక్కుపోతాయి. నేనోసారి నాలుగు వరుసల పూలు లైఫ్‌లైన్ లేకుండా అల్లి, అర్ధరాత్రి సూది కొన తగిలి పదమూడు కుట్లు జారవిడిచాను. స్టాకినెట్ అయితే క్రోషే సూదితో పైకి ఎక్కించొచ్చు, లేస్‌లో ఏ ఉచ్చు కన్నానిదో ఏది తగ్గింపుదో తెలియలేదు. లైఫ్‌లైన్ ఉంటే పది నిమిషాల పని. నాకు మూడు సాయంత్రాలు పట్టింది.

సగం అయింది, నలిగిన గుడ్డలా ఉంది. ఏదో తప్పు చేశానా?

లేదు. సూది మీదున్న లేస్ అలాగే ఉంటుంది. రెండు చేతుల మధ్య ఒక పూవుని గట్టిగా సాగదీసి చూడండి, అందులో ఉన్నదే రేపు శాలువా అంతా ఉంటుంది.

దారం సరిపోతుందో లేదో ముందే ఎలా తెలుస్తుంది?

వంటింటి త్రాసు పక్కన పెట్టుకోండి. పైనుంచి అల్లే త్రికోణంలో వరుసలు పొడుగవుతూ పోతాయి కాబట్టి కంటి అంచనా మోసం చేస్తుంది. సగం లోతు అల్లేసరికి పావు వంతు దారమే ఖర్చవుతుంది. సగం దారం అయిపోయే సమయానికి లోతు 70 శాతం వచ్చేసి ఉంటుంది. ‘ఇంకా సగం ఉండ ఉంది’ అని ధీమాగా ఉంటే చివర్లో చిక్కే. పూల అంచు మొదలుపెట్టేముందు ఒక వరుస అల్లకముందూ అల్లాకా ఉండని తూచి, మిగిలిన వరుసలతో లెక్క వేయండి. బైండ్ ఆఫ్‌కి (చివరి కుట్లని సూది మీంచి దించి అంచు ముగించడానికి) శాలువా అంచు పొడవుకి నాలుగింతల దారం పక్కన ఉంచండి.

బైండ్ ఆఫ్ మామూలుగా చేయొచ్చా?

వద్దు. మామూలు బైండ్ ఆఫ్ తాడు కట్టినట్టు అంచుని బిగించేస్తుంది, ఆరబెట్టేటప్పుడు రేకు కొనలు బయటికి రావు. ఇలా చేయండి: రెండు కుట్లు నిట్ చేసి, ఆ రెండిటినీ ఎడమ సూది మీదికి తిరిగి ఎక్కించి, వెనక కాలులోంచి కలిపి నిట్ చేయండి. కుడి సూది మీద ఒకటి మిగులుతుంది. తర్వాతి కుట్టు నిట్ చేసి మళ్ళీ అదే. చేయి బిగుతైతే సూది ఒక సైజు పెంచండి.

బ్లాకింగ్ (తడిపి, లాగి, గుచ్చి ఆరబెట్టడం) ఎలా చేయాలి? వదిలేస్తే ఏమవుతుంది?

వదిలేస్తే శాలువా కాదు. పూవుని పుస్తకంలో పెట్టకుండా పడేస్తే ముడుచుకుపోయినట్టే ఇదీ.

గోరువెచ్చని నీళ్ళలో ఊలు సబ్బు కొంచెం వేసి 20 నుంచి 30 నిమిషాలు మునగనివ్వండి. రుద్దొద్దు, పిండొద్దు. తడి ఊలు బరువుకి సాగుతుంది కాబట్టి రెండు చేతులతో కింద నుంచి మొత్తంగా ఎత్తండి. తువ్వాలు మీద పరిచి చాపలా చుట్టి, దాని మీద నిలబడి తొక్కితే నీరంతా తువ్వాలులోకి పోతుంది.

తర్వాత ఫోమ్ మ్యాట్ల మీద పరవండి. తుప్పు పట్టని గుండుసూదులే వాడండి, తుప్పు మరక పోదు. పై అంచు కన్నాల్లోంచి బ్లాకింగ్ వైరు దూర్చి ముందు దాన్ని గుచ్చండి, తర్వాత నడుమ నుంచి కిందికి, ఆ తర్వాత రెండు కొసలు. ఆఖర్న ఒక్కో రేకు కొన. సగం పూర్తయ్యాక మొదట గుచ్చినవన్నీ వదులయ్యాయని కనిపిస్తుంది, మళ్ళీ ఒక చుట్టు తిరిగి లాగి గుచ్చాలి. మోకాళ్ళు నొప్పెడతాయి. కానీ గంట సేపు నేల మీద ఉన్న ఆ పనిలోనే ముద్దలోంచి ఒక్కో పూవూ తేలి వస్తుంది. లాగుతుంటే కన్నం విచ్చుకుంటుంది, కన్నం వెనక మ్యాట్ రంగు కనిపిస్తుంది, కాడ తిన్నబడుతుంది. నా నెలవంక సూది దిగినప్పుడు కొస నుంచి కొసకి 118 సెం.మీ. ఉంది, ఆరాక 156.

పూర్తిగా ఆరేదాకా, అంటే ఒక రోజు దాకా, ఒక్క గుండుసూదీ తీయకండి. పైకి ఆరినట్టు అనిపించినా నుప్‌ల లోపల తడి ఉంటుంది. తడిగా తీస్తే అక్కడే ముడుచుకుంటుంది.

ఉతికిన ప్రతిసారీ ఇదంతా చేయాలా?

చేయాలి, కానీ ఉతకడమే అరుదు. చలికాలానికి ఒకటి రెండు సార్లు చాలు. మడతపెట్టి దాచండి, కొక్కేనికి వేలాడదీస్తే పూలు పొడుగ్గా సాగిపోతాయి. దాచేముందు తప్పకుండా ఉతకండి, చెమటా మరకలూ ఉన్న ఊలంటే చిమ్మెటలకి ఇష్టం. నూలుగుడ్డలో చుట్టి పెట్టి, రెండు మూడు నెలలకోసారి తీసి వేరే చోట మడత పడేలా మళ్ళీ మడవండి. ఎప్పుడూ ఒకే గీత మీద మడిస్తే ఆ గీత మీదున్న పూలు నలిగిపోతాయి.